శరచ్చంద్రుని పల్లె: ఒక మెట్టసీమ పఠనము

శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని 'పల్లీసమాజ్' నవలను హాలియా ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థులకు బోధించు సందర్భమున మాకొక ప్రశ్న ఎదురైనది. కట్ట తెగగొట్టినవాడు కథానాయకుడెట్లగును? నల్లగొండ మెట్టసీమలో చెరువుకట్టకు గండిపడుట ఊరికి చేటు. గండి కొట్టుట ద్రోహము. అట్టి పనికి రమేశుడు పూనుకొనగా రచయిత వానిని మెచ్చుకొనుచున్నాడు. ప్రశ్న అమాయకముగా తోచినను, మన శరత్ విమర్శ తరచుగా దాటవేయు విషయమొకటి అందులో ఉన్నదని మా అభిప్రాయము.

శరత్ తెలుగువాడే యని నమ్మిన పాఠకులుండిరని మన పెద్దలు మురిపెముతో చెప్పుకొనుట కలదు. ఆ కీర్తిలో చక్రపాణికి పెద్ద పాలు చెందవలెను. క్షయవ్యాధికి మదనపల్లె శానటోరియములో చికిత్స పొందుచు ఆయన వంగభాష నేర్చెను. ఆయన అనువాదములలో అనువాదపు వాసనయే కానరాదు. తరువాత చలనచిత్రములు వచ్చినవి. 1953లో 'దేవదాసు', 1957లో 'తోడికోడళ్లు', 1961లో 'బాటసారి', 'వాగ్దానం' శరత్ కథలను చదువురానివారి యిండ్లకు సైతము చేర్చినవి. ఇది సామాన్య విజయము కాదు. అయితే ఈ విజయములో నష్టమొకటి కలిగినది. కన్నీరు, త్యాగము, ఉమ్మడి కుటుంబము మనకు దక్కినవి. ఆ మనుష్యులు కాలు మోపిన నేల మాత్రము జారిపోయినది. శరత్ 'మనవా'డయినకొలది ఆయన పల్లె ఏ దేశపుదో అడుగు అవసరము మనకు తోచలేదు.

ఆయన 1876లో హుగ్లీ జిల్లా దేవానందపురమున జన్మించెను. బాల్యము చాలవరకు భాగల్పూరున మాతామహుల యింట గడచినది. పేదరికముచే కళాశాల చదువు సాగలేదు. 1903లో రంగూను చేరి, అచ్చట గుమాస్తాగా పనిచేసి, 1916లో వంగదేశమునకు మరలెను. 1938 జనవరి 16న కలకత్తాలో మరణించెను. 'పల్లీసమాజ్' గ్రంథరూపమున వెలువడినదియు 1916లోనే. అనగా వంగపల్లెను ఇంత నిర్దాక్షిణ్యముగా చిత్రించిన నవల సముద్రమున కావల, బర్మాలో ఉన్న కాలమున రూపొందినది. దూరము ఆయన చూపును మసకబార్చలేదు.

ఇక కట్ట సంగతి. దిగువ వంగభూమి పల్లపు నేల. వానలు విడువక కురిసినచో పొలము మునిగి పైరు కుళ్లును. అచ్చట రైతు కోరునది నీరు నిలుచుట కాదు, వెడలిపోవుట. కట్ట తెంచినచో వరి దక్కును. కాని జమీందారుల చేపలు కొట్టుకొనిపోవును. వాని వెల యేటికి రెండు వందల రూపాయలు. ఆ మొత్తమునకై వేణీ ఘోషాలు ఊరి పంటను ముంచుటకు సిద్ధపడును. రమ కూడ అంగీకరింపదు. తెలుగులో 'కట్ట' అనగానే మన మనస్సున రక్షణభావము మెదలును. కావున ఈ ఘట్టమున అనువాదకుడో అధ్యాపకుడో ఒక్క వాక్యము అదనముగా చెప్పక తప్పదు. ఆ వాక్యము చెప్పిన పిమ్మట మా విద్యార్థులకు వేరు వివరణము అక్కరలేకపోయినది. తూము ఎప్పుడెత్తవలెనో ఊరి పెద్ద నిర్ణయించుట, నీరటివాడు వాని ముఖము చూచుట వారి తాతలు ఎరిగినవే. నీరు చాలని సీమలోను, నీరు ముంచు సీమలోను ప్రశ్న ఒక్కటే: నీటిపై మాట ఎవరిది?

మన విమర్శకులు ఈ నవలను రమారమేశుల విఫలప్రణయముగానే ఎక్కువగా చదివిరి. రమ పాత్ర ఉన్నతమైనదే, కాదనము. కాని మా దృష్టిలో ఈ ఘట్టమున శిఖరము లఠైతు అక్బరు. రమేశుని చేతిలో దెబ్బలు తిని రక్తమోడుచు వచ్చియు వాడు ఫిర్యాదు చేయుటకు నిరాకరించును. ఆ మౌనములో ఉన్న గౌరవము రమేశుని దీర్ఘ సంభాషణలలో లేదు. రమేశుడు ఎంత సదుద్దేశము కలవాడైనను జమీందారు వారసుడు. రైతులు ఏడ్చుచు వాని ఇంటికి రావలసినదే. నల్లగొండ జిల్లావాడైన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో కంఠీరవుని పేద ఇంటినుండి తెచ్చినపుడు ఈ లోపము మనకు మరింత స్పష్టమగును.

ఈ లోపమును శరత్ తానే 1922 నాటి 'మహేశ్' కథలో సవరించుకొన్నాడనవచ్చును. ఇందులో ఉద్ధారకుడు లేడు. వానలు లేవు. గఫూరు తన యింటి కప్పు గడ్డి పీకి ఎద్దునకు మేపును. కూతురు అమీనా ఇతరులు దయతలచి పోసిన నీటికై గంటలకొలది నిలుచును. ఆ నీటికుండను దాహార్తయైన మహేశ్ పగులగొట్టగా, గఫూరు ఒళ్లు మరచి ఎద్దును కొట్టి చంపును. కూలికి మిల్లుకు పోనని పట్టుపట్టినవాడు ఆ రాత్రియే బిడ్డ చేయి పట్టుకొని ఫూల్‌బేడె జనపనార మిల్లు దారి పట్టును. ఈ కథకు నల్లగొండలో గాని, వలసకూలీలకు పేరుపడిన పాలమూరులో గాని పాదసూచిక అక్కరలేదు.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ క్రింద హాలియా పరిసరములు వరిపొలములైనవి. నేటి విద్యార్థి ఆ పచ్చదనములో పుట్టినవాడు. వానికి గఫూరు కరవు తాత నోట విన్న సంగతి. అందుచే మేము పాఠక్రమమును మార్చితిమి. ఇప్పుడు మొదట 'మహేశ్' చదివింతుము; ఇంటివద్ద పెద్దలను అడిగి, తమ ఊరిలో పశువులు తెగనమ్మిన యేడును గూర్చి వ్రాసి తెమ్మందుము. ఆ కాగితములు చేతికి వచ్చిన తరువాతనే 'పల్లీసమాజ్' తెరతుము.