పైపు ఉన్నవాళ్లకు వణుకు పుడితే

అడవి అంచు ఊళ్లలో చలిజ్వరం అనగానే మలేరియానే గుర్తుకొస్తుంది. భద్రాచలం మన్యం నుంచి మా ఎర్రుపాలెం దాకా పెద్దవాళ్లకు ఆ జ్వరం తెలియంది కాదు. కానీ మెడలో డయాలసిస్ పైపు ఉన్న మనిషికి వణుకు పుడితే, డయాలసిస్ నర్సుగా నేను ముందు అనుమానించేది ఆ పైపునే.

మెడ సిరలోంచి దిగిన ఆ పైపు కొస గుండె కుడి గది దగ్గర ఉంటుంది. మూత దగ్గర చేరిన క్రిములు లోపలి గోడకు జిగురు పొరలా పట్టుకుంటాయి. మిషన్ తిరగడం మొదలవగానే రక్తంతో పాటు ఒంట్లోకి కొట్టుకుపోతాయి. అందుకే చాలామందికి డయాలసిస్ జరుగుతుండగానే వణుకు వస్తుంది, ఇల్లు చేరేసరికి తగ్గినట్టే ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని ఊరుకుంటారు. రక్తంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీయకముందే యాంటీబయాటిక్ పడితే ఆ క్రిమి ఏదో తేలకుండా పోవచ్చు. ఆలస్యమైతే అది గుండె కవాటాలకూ వెన్నెముకకూ పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

దీన్ని ఆపడం చాలావరకు మా చేతుల్లో పనే. నాకూ పేషెంటుకూ మాస్కు, కడిగిన చేతులకు గ్లౌజులు. మూత విప్పితే మర చుట్ల సందుల్లో ఎండిన రక్తపు చార కనిపిస్తుంది. దాన్ని మందు ప్యాడ్‌తో కనీసం 15 సెకన్లు తిప్పి తిప్పి రుద్దాలి, తడి ఆరేదాకా ఆగాలి. పక్క మిషన్ అలారం మోగుతుంటే ఆ ఆగడమే కష్టం. అయినా ఆగాల్సిందే. అమెరికాలోని మిషిగన్ ఐసీయూల్లో చేతులు కడగడం, అక్కర తీరిన పైపు తీసేయడం లాంటి అయిదు పనులు పట్టుగా చేస్తే పెద్ద సిరల్లో పెట్టే పైపుల ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం చూపింది.

ఇంటి దగ్గర జాగ్రత్త పేషెంటుది. జమలాపురం వెంకన్నకు తలనీలాలిచ్చి తలస్నానం చేస్తానంటే, “దండం పెట్టుకో పెద్దమ్మా, తల మీంచి నీళ్లు మాత్రం పోసుకోవద్దు, కట్టు తడుస్తది” అని చెబుతాను.

సూది పోటు ఉండదని పైపుతోనే నెట్టుకురావద్దు. చేతిలో ధమనిని సిరకు కలిపే ఫిస్టులా వేయించుకోండి. 1966 నుంచి వాడుకలో ఉన్న చిన్న ఆపరేషన్ అది. అది పనికొచ్చేదాకా జ్వరమొస్తే, మలేరియా పరీక్ష చేయించండి, దాంతో సరిపెట్టుకోవద్దు. సూది వేయకముందే “నాకు డయాలసిస్ పైపు ఉంది, కల్చర్‌కు రక్తం తీయండి” అని గట్టిగా అడగండి. రాత్రయినా సరే, మీ డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేయండి.