పాట ఎవరి దగ్గర ఉన్నట్టు?

సీడీ పనైపోయిందన్న మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు. కొత్త లాప్‌టాప్‌లో డ్రైవ్ ఉండదు, కొత్త కారులో ప్లేయర్ ఉండదు, ఒకప్పుడు క్యాసెట్లూ సీడీలూ అమ్మిన కొట్లలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ లెక్కల ప్రకారం 2022లో అక్కడ ఎల్పీ రికార్డులు సుమారు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే పోయాయి. సంఖ్యలో ఎల్పీ సీడీని దాటడం 1987 తర్వాత అదే మొదలు. ఒకపక్క ఫోన్‌లో అడిగిన పాట అడిగినట్టు పలికే స్ట్రీమింగ్, మరోపక్క హాల్లో హుందాగా నిలబడే ఎల్పీ. ఈ రెంటి నడుమ ఆ వెండి బిళ్లకు ఇంకా పనుందా అంటే, ఉందనే నా వాదన. అయితే దాని అభిమానులు ముందుగా ఎత్తుకునే కారణాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఆ కారణం శబ్దం. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు: 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి ఖరారు చేసిన ఈ కొలత మనిషి చెవికి అందే 20,000 హెర్ట్జ్ వరకూ సరిపోతుంది. కానీ ఆ నాణ్యత ఇప్పుడు సీడీ సొత్తు కాదు. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచే ఏమీ కోత పెట్టకుండా పాట పంపిస్తోంది. కోత పెట్టిన 320 కిలోబిట్ల ఫైలునైనా మామూలు ఇయర్‌ఫోన్‌తో వింటూ తేడా కనిపెట్టడం చాలామందికి కష్టమే. ఎల్పీ మోజుదీ అదే కథ. మాస్టర్ టేపు నుంచి నేరుగా తీసినవని నమ్మి జనం ఎక్కువ ధరపెట్టి కొన్న మొబైల్ ఫిడెలిటీ సంస్థ రికార్డుల్లో చాలావాటికి నడుమ డిజిటల్ కాపీ ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా అనలాగ్ భక్తుల చెవులు దాన్ని పట్టలేదు. కాబట్టి శబ్దం గొడవ పక్కన పెడదాం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలుగు ఇళ్లలో చాలామంది సీడీగా ఎరిగింది అసలు సీడీని కాదు. క్యాసెట్ నుంచి మనం దాదాపు ఒక్క గెంతులో ఎంపీత్రీ డిస్కు మీదికి దూకాం. బస్టాండు పక్క బండి మీద దొరికే ఆ డిస్కులో వంద పాటలు పైనే ఉండేవి, ఒక్కోటి పిండి పిప్పి చేసినదే. అందులో సగం మూణ్ణెల్లకే ఆడేవి కావు. 'సీడీలు నిలవవండీ' అన్న మన తీర్పుకు మూలం అక్కడుంది. కంపెనీ అచ్చులో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా ఒత్తి ఉంటుంది. ఇంట్లో రాసుకునే డిస్కులో, ఆ బండి మీది రకంలో, అది రంగు పొర మీద లేజరు కాల్చిన మచ్చ. ఎండా ఉక్కా ఆ రంగును తినేస్తాయి.

ఇక నా కారణం. స్ట్రీమింగ్‌లో మనం నెలనెలా కట్టేది వినే అనుమతికి. ఆ అనుమతి మన చేతిలో లేదు. 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ స్పాటిఫై యాప్‌తో పేచీ పడితే ఆయన పాటలు అక్కడ మాయమయ్యాయి, తర్వాత రెండేళ్లకు తిరిగొచ్చాయి. 2024లో జీ మ్యూజిక్ కంపెనీకీ స్పాటిఫైకీ బేరం కుదరక మనవాళ్ల ప్లేలిస్టుల్లోంచి పాటలు రాత్రికి రాత్రి పోయాయి. రెండుచోట్లా శ్రోత తప్పేమీ లేదు, శ్రోతను ఎవరూ అడగనూ లేదు. పాట పోవడం కనీసం కనిపిస్తుంది. పాత మిక్సు స్థానంలో జోరు పెంచిన కొత్త రీమాస్టర్ వచ్చి కూర్చుంటే అదీ తెలియదు. బీరువాలో ఉన్న సీడీని ఇలా ఎవరూ మార్చలేరు, వెనక్కి తీసుకోలేరు. దాన్ని స్నేహితుడికి ఇవ్వొచ్చు, పాత పుస్తకాల కొట్లో అమ్ముకోవచ్చు. డబ్బు పెట్టి కొన్న డిజిటల్ ఫైలును తిరిగి అమ్మే వ్యాపారానికి మాత్రం అమెరికా అప్పీళ్ల కోర్టు 2018లో, రీడిజీ కేసులో, తలుపు మూసేసింది.

ఎల్పీ కూడా చేతిలో ఉండేదే కదా అంటారు. నిజమే, కానీ దానికి అచ్చమైన నకలు తీయడం చాలా కష్టం. రికార్డు తిరిగిన ప్రతిసారీ ముల్లు కింద గాడి కొంత అరుగుతుంది, నకలు తీస్తే ఆ అరుగుదల చిటపటలన్నీ నకల్లోకీ వస్తాయి. సీడీలో ఉన్నవి అంకెలు. జాగ్రత్తగా దించితే హార్డ్‌డిస్కులో పడేది స్టూడియో విడుదల చేసిన అంకెలే. పైపెచ్చు ఆ అంకెలను చెల్లాచెదురుగా, తప్పులు దిద్దుకునే లెక్కతో కలిపి రాస్తారు కాబట్టి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల గీత పడినా పోయిన భాగాన్ని ప్లేయర్ తిరిగి కట్టుకుంటుంది. సొంత వాడకానికి చేసుకునే న్యాయమైన వినియోగాన్ని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. నలుగురికీ పంచడం వేరే లెక్క. ఈ నకలు సౌలభ్యమే కంపెనీలకు కంటగింపయింది. 2005లో సోనీ బీఎంజీ తన సీడీల్లో రహస్యంగా ఒక ప్రోగ్రాము దూర్చి కొన్నవాళ్ల కంప్యూటర్లనే ముప్పులో పడేసి, చివరికి డిస్కులు వెనక్కి తీసుకుంది. శ్రోతకు ఇంత స్వేచ్ఛ ఇచ్చామని అమ్మినవాళ్లే ఆలస్యంగా గ్రహించారన్నమాట.

సినిమా పాటల విషయంలో ఈ వాదన అంత బరువైంది కాదని ఒప్పుకుంటాను. ఘంటసాల భగవద్గీతకు ఏ బెంగా లేదు. ఎల్పీ నుంచి క్యాసెట్‌కూ, సీడీకీ, యాప్‌కూ జనమే దాన్ని నడిపించుకెళ్లారు. బెంగంతా గిరాకీ లేనివాటి గురించే. ఎల్పీ ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి పట్టదు, అందుకే ఆ రోజుల్లో కర్ణాటక విద్వాంసులు ఆలాపనను కత్తిరించుకుని పాడారు. 74 నిమిషాల సీడీ వచ్చాక రాగం తానం పల్లవి తెంపు లేకుండా ఇంటికొచ్చింది. చెన్నైలో చార్సుర్ లాంటి సంస్థలు డిసెంబరు సీజన్ కచేరీలను ఉన్నదున్నట్టు సీడీలుగా తెచ్చాయి. అట్ట లోపలి కాగితం మీద కీర్తన, రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అన్నీ ఉంటాయి. యాప్‌లో చాలాచోట్ల గాయకుడి పేరూ పాట మొదటి మాటా ఉంటే ఎక్కువ. తని ఆవర్తనంలో మృదంగం వాయించినాయన పేరు లేకుండా ఆ పది నిమిషాలు ఎవరివో ఎలా తెలుస్తుంది? ఇలాంటి చిన్న సంస్థ మూతపడితే దాని రికార్డులను సర్వర్లలో నిలపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. హరికథలకూ పద్యనాటకాలకూ ఇదే గతి.

సీడీ మాత్రం శాశ్వతమా అంటే కాదు. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ 1988-93 మధ్య అచ్చేసిన డిస్కులు చాలా వరకు గోధుమరంగుకు తిరిగి పాడయ్యాయి. అక్కడ దోషం పైపూత లక్కది. తయారీ సరిగ్గా ఉన్న డిస్కులు నలభై ఏళ్ల తర్వాత కూడా ఆడుతున్నాయి. ప్లేయర్లు కరువవుతున్నాయన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. దానికి జవాబు డిస్కును పూజించడం కాదు, డ్రైవులు దొరికే రోజుల్లోనే అంకెలను బయటికి తీసి రెండుచోట్ల దాచుకోవడం. యూఎస్‌బీ డ్రైవు ఇప్పటికీ పెద్ద ఖర్చు కాదు. యాప్‌లో పేరు కొట్టినా దొరకని డిస్కులు ముందు, మూతపడిన సంస్థలవి ఆ తర్వాత, సినిమా పాటలు చివర. ఎంపీత్రీగా కాకుండా, కోత పెట్టని ఫ్లాక్ ఫైలుగా దించాలి. అట్టలోని కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టాలి, లేకపోతే ఆ మృదంగం ఎవరిదో మళ్లీ తెలియకుండా పోతుంది.