యుద్ధక్షేత్రమున ఎముకల వైద్యము : ఒక గ్రంథ పరిశీలనము

తుపాకి గుండు తగిలి తొడ యెముక విరిగిన మనిషికి మొదటి శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగియవచ్చును. ఆ యెముక అతుకుకొనుటకు మాత్రము మూడు నాలుగు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. యుద్ధపీడిత దేశమునకు బయటినుండి వచ్చు శస్త్రవైద్యుడు సాధారణముగా కొన్ని వారములో, కొన్ని నెలలో ఉండి తిరిగి వెళ్లును. ఆ తరువాత రోగికి మిగులు దిక్కు స్థానిక వైద్యుడే. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ప్రచురించిన 'వార్ సర్జరీ' అను గ్రంథమును ఈ దృష్టితో పరిశీలింపవలసి యున్నది.

ఈ గ్రంథము రెండు సంపుటములు. మొదటిది 2009లోను, రెండవది 2013లోను వెలువడినవి. మొదటి సంపుటమును క్రిస్టోస్ జియానూ, మార్కో బాల్డన్ రచించిరి. రెండవ సంపుటమున ఓసా మోల్డె కూడ వారితో చేరిరి. సాధనములు కొరతగానున్న ఆసుపత్రులను దృష్టియందుంచుకొని వ్రాసిన గ్రంథమిది. శస్త్రచికిత్స నేర్చియు యుద్ధగాయములతో పరిచయము లేని వైద్యుడు దీని ముఖ్యపాఠకుడు.

వైద్యమును భౌతికశాస్త్రముపై నిలిపి బోధించుట ఇందలి మొదటి గుణము. 8 గ్రాముల గుండు సెకనుకు 700 మీటర్ల వేగముతో వచ్చినచో దాని గతిశక్తి సుమారు 1,960 జౌళ్లు. అయితే గాయపు తీవ్రతను నిర్ణయించునది గుండునకు గల శక్తి కాదు, అది శరీరమునకు ఇచ్చిపోయిన శక్తి. మెత్తని కండలో తిన్నగా దూసుకొనిపోయిన గుండు స్వల్పహాని మాత్రమే చేయవచ్చును. అదే గుండు అడ్డము తిరిగినను, ఎముకను తాకినను, శక్తిని ఒక్కసారిగా విడిచి చుట్టునున్న కండను చిదిమివేయును. చర్మముపై రంధ్రము చిన్నదైనను లోపలి నాశము పెద్దది కావచ్చును. ఉన్నతపాఠశాల విద్యార్థి నేర్చిన సూత్రమే ఇచ్చట శస్త్రవైద్యునికి హెచ్చరిక యగుచున్నది.

రెడ్‌క్రాస్ వారు గాయమును ఆరు అంశములతో కొలుతురు. గుండు ప్రవేశించిన రంధ్రమెంత, వెడలిన రంధ్రమెంత, లోపల రెండు వ్రేళ్లు పట్టు గుల్ల కలదా, ఎముక ఎంతగా నలిగినది, ప్రాణాధారమైన భాగమునకు దెబ్బ తగిలినదా, లోహపు ముక్కలున్నవా అనునవి ఆ అంశములు. దీనికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఒక కొలబద్ద, చేతివ్రేళ్లు, మామూలు ఎక్స్‌రే చాలును.

చికిత్సా విధానమును కూడ గ్రంథకర్తలు ఇంత సూటిగనే చెప్పిరి. చచ్చిన కండను కోసి తీసివేసి, గాయమును కుట్టక తెరచి యుంచవలెను. నాలుగు మొదలు ఏడు దినముల తరువాత శుభ్రముగానున్నచో అప్పుడు మూయవలెను. విరిగిన యెముకను ప్లాస్టరు కట్టుతోనో, బరువు కట్టి లాగి యుంచు పద్ధతితోనో, వెలుపలనుండి బిగించు కడ్డీల చట్రముతోనో నిలుపవలెను. మలినమైన క్రొత్త గాయములో లోహపు పలకలు, కడ్డీలు పెట్టరాదు. సూక్ష్మజీవులు లోహమునంటి నిలిచిపోవును. ప్లాస్టరు, బరువులు పాతకాలపు వైద్యమని చిన్నచూపు చూచువారికి ఈ గ్రంథము మంచి సమాధానము.

గ్రంథపు హద్దు కూడ ఇచ్చటనే కానవచ్చుచున్నది. కండ బ్రతికియున్నదో చచ్చినదో తెలియుటకు నాలుగు గుర్తులు చెప్పుదురు: రంగు, బిగువు, గిల్లినపుడు ముడుచుకొనుట, కోసినపుడు రక్తము కారుట. వీనిని ఒక్క గంటలో కంఠస్థము చేయవచ్చును. కాని దీపపు వెలుతురులో, ఆగని రక్తస్రావము నడుమ, ఏది తీయవలెనో ఏది ఉంచవలెనో పుస్తకము చెప్పజాలదు. తక్కువ తీసినచో గాయము చీము పట్టును. ఎక్కువ తీసినచో కాలు కొరగానిదగును. ఈ వివేచన అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి, పలుమారులు చేసి నేర్వవలసినది. పెద్ద వైద్యులు వలసపోయిన దేశములో యువవైద్యుని ప్రక్కన నిలుచువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము ఏ చేతిపుస్తకమునందును దొరకదు. దీనిని పంపి శిక్షణ ముగిసినదని తలచువారిదే పొరపాటు, గ్రంథకర్తలది కాదు.

స్థానిక వైద్యుడు నేర్చుకొనువాడు మాత్రమే కాదు, నేర్పగలవాడు కూడ. స్పెయిను అంతర్యుద్ధకాలమున (1936-39) బార్సిలోనా నగరపు శస్త్రవైద్యుడు జోసెఫ్ ట్రుయేటా గాయములను శుభ్రపరచి, తెరచి యుంచి, పైన ప్లాస్టరు వేయు పద్ధతిని అనుసరించెను. అతడు ప్రకటించిన 1,073 మంది రోగులలో మరణించినవారు ఆరుగురు మాత్రమే. అతడు తన నగరముననే యుండి చికిత్స చేసినవాడగుటచే ఫలితములను తుదివరకు చూచి లెక్కించు అవకాశము కలిగెను.

ఫలితములను చూచు ఈ అలవాటును శిక్షణలో భాగము చేసిన ప్రయత్నమొకటి కలదు. అమెరికా శస్త్రవైద్యుడు లూయిస్ జర్కిల్ 1999లో స్థాపించిన 'సైన్' అను సంస్థ, ఆపరేషను నడుమ ఎక్స్‌రే యంత్రము లేకున్నను ఎముకలో అమర్చదగిన ఉక్కు కడ్డీలను ఆఫ్ఘనిస్తాను మొదలగు దేశముల ఆసుపత్రులకు ఉచితముగా ఇచ్చుచున్నది. స్థానిక వైద్యులు తాము చేసిన చికిత్సల ఎక్స్‌రే చిత్రములను పంపుదురు. వానిపై ఇతర వైద్యులు అభిప్రాయములు తెలుపుదురు. అయితే ఈ కడ్డీ కూడ గ్రంథము చేసిన హెచ్చరికకు లోబడినదే. గాయము శుభ్రపడిన పిమ్మట గాని దానికి తావు లేదు.

'వార్ సర్జరీ' ఉత్తమ గ్రంథమనుటకు సందేహము లేదు. ఉపాధ్యాయులు దీనిలోని భౌతికశాస్త్ర భాగమును తరగతిలో ఉపయోగించుకొనవచ్చును. కాని గ్రంథము, పరికరములు, గురువు సాన్నిధ్యము, తిరిగి వచ్చిన రోగిని పరీక్షించుట, ఈ నాలుగును కలసినగాని శస్త్రవైద్యుడు తయారుకాడు. మొదటి రెండింటిని విమానములో పంపవచ్చును. తక్కిన రెండును ఆ దేశముననే, ఆ ఆసుపత్రులలోనే, ఏండ్ల తరబడి పెంపొందవలసినవి.