దారిప్రక్క మూర్తులు

గాజువాకనుండి జాతీయ రహదారి పట్టి పోవువారికి గమ్యముపైనే దృష్టి యుండుట సహజమే గాని, త్రోవప్రక్క నొక విగ్రహమో విచిత్రవస్తువో కానవచ్చినపుడు బండి నాపి, దిగి, దాని చుట్టును నిదానముగా తిరిగి చూచుటయు ప్రయాణములో నొక భాగమేయని నా నమ్మకము. ఉక్కు కరగించు ఊరివారము. ఆటోనగరు షెడ్డులలో వెల్డింగు మెఱుపులు చూచుచు పెరిగినవారము. కావున మూర్తి యెవరిదను ప్రశ్నకంటె ముందుగా, దీని నెవరు చేసిరి, ఎచ్చట నతికిరి అను ప్రశ్నయే మా మనస్సున పుట్టును.

విశాఖ సముద్రతీరమున నున్న కుర్సురా జలాంతర్గామినే చూడుడు. 1969 డిసెంబరులో నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రమించిన ఆ 91 మీటర్ల నౌకను ఇసుకపైకి లాగి తెచ్చి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెఱచిరి. టిక్కెట్టు కొని త్వరత్వరగా లోనికి పోవువారే పెక్కురు. నేనైతే మొదట వెలుపలనే ఈ కొననుండి ఆ కొనదాక నడచి, అంతటి లోహకాయమును నీటినుండి నేలకెక్కించిన పనివారి నేర్పును తలచుకొందును. దారి కావలిప్రక్కన 2017 డిసెంబరునుండి టీయూ-142 విమానము నిలిచి యున్నది. జలాంతర్గాములను వెదకి వేటాడుటకే నిర్మించిన విమానమది! వేటకానిని, వేటకు గురియగుదానిని ఒక్క వీథికి ఇరుప్రక్కల నిలిపి, నడుమ పిల్లలు మొక్కజొన్నపొత్తులు తినుచు తిరుగు దృశ్యము మఱియొక నగరమున నాకు కానరాలేదు.

ఉత్తరముగా పోయినచో శ్రీకాకుళము దాటిన పిదప వంశధారా తీరమున మడపాముకడ 170 అడుగులకు మించిన ఆంజనేయుడు దూరమునుండియే దర్శన మిచ్చును. కాని నాకు మిక్కిలి ప్రీతి కూడలులలోని కంచు విగ్రహములపై. బంకమట్టితో రూపు దిద్ది, ప్లాస్టరుతో అచ్చు తీసి, అందు మైనము పొర పట్టించి, ఆ మైనము కరగిపోయిన సందున కాగిన కంచు పోయుదురు. విగ్రహము పెద్దదైనచో ముక్కలుగా పోసి అతికి, అతుకు కనబడకుండ రాపిడి పెట్టుదురు. కండువా మడతలో దాగిన ఆ అతుకును కనుగొన్ననాడు నాకు శిల్పితో ముఖాముఖి మాటలాడినట్లుండును. కోనసీమ కొత్తపేటలోను, తెనాలిలోను తరతరములుగా ఈ విద్యనే నమ్ముకొన్న కుటుంబములు కలవు; తెనాలివారు పాత నట్లు, బోల్టులు, ఇనుపతుక్కు కూర్చి నిలువెత్తు మూర్తులను నిలుపుచున్నారు. మా గాజువాకకు ఇంతకంటె దగ్గరి కళ యేది?

హుస్సేన్‌సాగరు బుద్ధుని కథ యెల్లరెఱిగినదే: 1990 మార్చిలో పడవ యొరిగి ఏకశిలామూర్తి నీట మునిగెను, కార్మికులు ప్రాణములు గోల్పోయిరి, 1992 డిసెంబరులో మరల పైకెత్తి నిలిపిరి. అచ్చట ఆ మూర్తిని చెక్కిన గణపతి స్థపతి పేరు నిలిచినది. మన కూడలులలోనో, ఫలకముపై ఆవిష్కర్త పేరు, అతిథుల పేర్లు, కమిటీ సభ్యుల పేర్లు బంగారు రంగున మెఱయుచుండును. శిల్పి పేరు వెదకినను తఱచుగా దొరకదు. ఇది న్యాయము గాదు.

విగ్రహములు నిలుపు పెద్దలారా, ఇకమీదట వేయించు ప్రతి ఫలకముపైనను శిల్పి పేరును, అతని యూరి పేరును మొదటి వరుసలోనే చెక్కింపుడు.