చూపు ఆనే రేఖ: కాంటూరు రేఖాభ్యాసం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
చిత్రకళలో తొలి అడుగు వేసే విద్యార్థికి నేర్పే అభ్యాసాల్లో కాంటూరు రేఖాచిత్రణ ముఖ్యమైనది. కాగితం వైపు చూడకుండా, వస్తువు అంచుల వెంట చూపునూ పెన్సిలునూ ఒకే వేగంతో నడపడం దీని పద్ధతి. ఈ అభ్యాసానికీ, ‘బాహ్యరేఖ’ గీయడానికీ మధ్య ఉన్న భేదాన్ని నిరూపించడం, తెలుగు ప్రాంతపు రేఖాసంప్రదాయాలతో దీనిని పోల్చడం, దీని పరిమితులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాంటూరు రేఖ, బాహ్యరేఖ, నికొలాయిడిస్, ముగ్గు, కలంకారీ, కళాబోధన.

1. ఉపోద్ఘాతం:
బల్లమీద ఒక ఇత్తడి చెంబును పెట్టి గీయమంటే కొత్త విద్యార్థులు తరచుగా రెండు పొరపాట్లు చేస్తారు. చెంబు మూతి గుండ్రంగా ఉంటుందని తెలుసు కనుక దానిని ఉన్నదానికంటే ఎక్కువగా తెరిచి గీస్తారు. అడుగు బల్లకు ఆని ఉంటుందని తెలుసు కనుక అక్కడ సరళరేఖ గీస్తారు. కొంచెం పైనుంచి చూసేవారికి ఆ అడుగు అంచు కూడా వంపుగానే కనబడుతుంది. ఆ వంపు విద్యార్థి కంటి ఎదుటే ఉంది. అయినా కాగితం మీదికి రాలేదు. దీనికి కారణం చేతి నైపుణ్యం లోపించడం కాదు. చూసినదాని స్థానంలో తెలిసినది వచ్చి కూర్చోవడమే కారణం. కాంటూరు అభ్యాసం పుట్టింది ఈ చిక్కును విప్పడానికే.

2. నికొలాయిడిస్ పద్ధతి:
న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బోధించిన కిమాన్ నికొలాయిడిస్ (1891–1938) ఈ అభ్యాసానికి విస్తృత ప్రచారం కల్పించాడు. ఆయన పాఠాల గ్రంథం ‘ది నేచురల్ వే టు డ్రా’ ఆయన మరణానంతరం 1941లో వెలువడింది. చదివి పక్కన పెట్టే పుస్తకంగా కాక, గంటల లెక్కన సాధన చేయవలసిన ప్రణాళికగా దానిని రూపొందించారు. కాంటూరు అభ్యాసం అందులో ఆరంభంలోనే వస్తుంది.

పద్ధతి వినడానికి సులువు. విద్యార్థి వస్తువు అంచుమీద ఒక బిందువును ఎంచుకుంటాడు. పెన్సిలు మొన కాగితం మీద కాక ఆ బిందువు మీదనే ఉన్నదని భావిస్తాడు. ఆ భావన బలపడేవరకు చేతిని కదపడు. ఆ తరువాత చూపు అంచు వెంట మెల్లగా సాగుతుంది; పెన్సిలు దాని వెంటే నడుస్తుంది. చూపు ముందుకు పరుగెత్తకూడదు, చేయి వెనుకబడకూడదు. అంచు శరీరం లోపలికి మలుపు తిరిగితే రేఖ కూడా లోపలికే వెళ్లి, ఆ మడత ముగిసినచోట ఆగుతుంది. మరో చోట మొదలుపెట్టవలసి వచ్చినప్పుడు మాత్రమే కాగితం వైపు చూడాలి.

ఈ క్రమంలో నిర్ణాయకమైన అంశం స్పర్శ. రేఖ కంటికి కనిపించే హద్దును నమోదు చేయడం లేదు. చేతితో తడిమితే తెలిసే ఉపరితలాన్ని అనుసరిస్తున్నది. బొమ్మ పోలికగా రాకపోవచ్చు. ముక్కు ఒకచోట, చెవి మరోచోట పడవచ్చు. ఆ కాగితం భద్రపరచవలసిన చిత్రం కాదు. చూపు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పించుకున్నదో తెలిపే దాఖలా మాత్రమే.

3. బాహ్యరేఖ – కాంటూరు రేఖ:
గోడమీద పడిన నీడ చుట్టూ బొగ్గుతో గీస్తే వచ్చేది బాహ్యరేఖ. దానికి లోపల అంటూ ఏమీ లేదు. ముందువైపు, వెనుకవైపు అనే భేదమూ లేదు. కాంటూరు రేఖ అటువంటిది కాదు. చీర కుచ్చిళ్లను గీసేటప్పుడు అది ఒక మడత అంచున బయలుదేరి, మరో మడత కిందికి దూరి, అక్కడే అంతమవుతుంది. అరచేతిలోని గీతలకు బాహ్యరేఖ ఉండదు, కాంటూరు ఉంటుంది. భూగోళపాఠంలోని కాంటూరు రేఖలు సైతం చదునైన కాగితం మీద కొండ ఎత్తుపల్లాలనే తెలుపుతాయి.

మన ప్రాంతపు కళాబోధనలో బాహ్యరేఖకు పెద్దపీట దక్కడానికి చారిత్రక కారణం ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో కళాపాఠశాలను స్థాపించాడు. ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో వలస పాలకుల కళావిద్యపై లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ విధానం బలమైన ప్రభావం చూపింది. చదునైన నమూనాను చూసి హద్దురేఖను శుభ్రంగా దించడం ఆ విధానంలో ప్రాథమిక శిక్షణ. చేతివృత్తులకు అవసరమైన నమూనాకారులను తయారుచేయడానికి అది పనికివచ్చింది. కాని నమూనాను దించే విద్యార్థికి చూడవలసిన పని ఉండదు. ఆ పని నమూనా గీసినవాడు ముందే పూర్తిచేసి ఉంటాడు.

4. తెలుగు నేలపై రేఖ:
రేఖకు ప్రాధాన్యమివ్వడం మనకు కొత్తకాదు. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఆచార్యులు చిత్రంలో మెచ్చుకొనేది రేఖనేనని చెబుతుంది. చూసే కోణాన్ని బట్టి అవయవాలు కుదించుకుపోవడాన్నీ, పెరగడాన్నీ క్షయవృద్ధులుగా అది వివరించింది. అయితే ఆ గ్రంథం నిపుణునికి ప్రమాణాలను నిర్దేశిస్తుంది. తొలిసారి పెన్సిలు పట్టినవాడి చూపును ఎలా మళ్లించాలన్నది దాని ప్రధాన ప్రశ్న కాదు.

వాకిట్లో వేసే మెలికల ముగ్గు ఈ సందర్భంలో పరిశీలించదగినది. చుక్కల చుట్టూ ఎడతెగకుండా తిరిగే ఆ గీతలో చేతికి గొప్ప నిలకడ ఉంది. కాని ఆ రేఖ జ్ఞాపకం నుంచి వస్తుంది. ఎదుటి వస్తువు నుంచి కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కళాకారుడు కాల్చిన చింతపుల్లలతో ముందుగా రూపాన్ని గుర్తించి, ఆపైన ఉన్ని చుట్టిన వెదురు కలంతో నల్లని కసిం రేఖను గీస్తాడు. బట్టలో ఇంకిన ఆ రేఖను తుడిచివేయడం సాధ్యం కాదు కనుక వేగాన్నీ ఒత్తిడినీ అదుపులో ఉంచుకోవాలి. రబ్బరు వాడని కాంటూరు అభ్యాసానికి ఇది ఈ ఒక్క అంశంలో దగ్గరి బంధువు. అయినా అక్కడా రూపం సంప్రదాయం నుంచి అందినదే.

బాపు (1933–2014) రేఖ మరో సమస్యను ముందుంచుతుంది. బొమ్మలు నేర్చుకోవాలనుకొనే తెలుగువారిలో చాలామంది ఆయన బొమ్మను దించడంతో మొదలుపెడతారు. నాలుగు గీతల్లో నడకను, నడుము వంపును, కోపాన్ని పట్టుకోగల పొదుపు ఆయనది. ఆ పొదుపు ఎన్నో వివరాలను చూసి, వాటిలో అనవసరమైనవాటిని వదిలివేసిన తరువాత మిగిలినది. దానిని దించే విద్యార్థికి మిగిలినది దక్కుతుంది. వదిలివేసినది ఏమిటో తెలియదు. అందువల్ల అతని రేఖ బాపు రేఖలా కనిపిస్తూనే ఖాళీగా ఉంటుంది. ఇది బాపు లోపం కాదు. ఫలితాన్ని సాధనగా పొరబడటం వల్ల కలిగే నష్టం.

5. పరిమితులు:
కాంటూరు అభ్యాసాన్ని సర్వరోగ నివారిణిగా భావించడం సరికాదు. మొదటిది, అది ప్రమాణబద్ధతను నేర్పదు. కొలతలకు వేరే సాధన అవసరం. రెండవది, రేఖ ఒక్కటే బరువునూ కదలికనూ చెప్పలేదు. నికొలాయిడిస్ దీని పక్కనే శరీర భంగిమను క్షణాల్లో పట్టుకొనే త్వరితచిత్రణను, ఆపైన బరువును తెలిపే అభ్యాసాన్ని చేర్చడం అందుకే. మూడవది, వణికే రేఖ అందంగా ఉన్నదని గ్రహించిన విద్యార్థి, చూడకుండానే ఆ వణుకును అనుకరించగలడు. అప్పుడు అభ్యాసం అలంకారంగా మారుతుంది.

బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో ప్రచురించిన ‘డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్’ గ్రంథంలో ఈ అభ్యాసాన్ని అరచేతి ముడతలకు అన్వయించి, దాని ప్రభావాన్ని మెదడు కుడి అర్ధగోళపు పనితో ముడిపెట్టింది. మెదడు పనిని అంత తేలికగా రెండుగా విభజించడాన్ని తరువాతి నాడీశాస్త్రం సమర్థించలేదు. అయితే వివరణ బలహీనమైనంత మాత్రాన అభ్యాసం విఫలం కాదు. పేరు పెట్టడానికి వీలులేని ముడతను గీసేటప్పుడు తెలిసినదానిపై ఆధారపడే అవకాశం తగ్గుతుందన్నది చెంబు ఉదాహరణతోనే స్పష్టమవుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు మూల్యాంకనం. పోలికను బట్టి మార్కులు వేసే తరగతిలో విద్యార్థి దొంగచాటుగా కాగితం వైపు చూస్తాడు. ఆ క్షణంలో అభ్యాసం ముగిసిపోతుంది. ఇక్కడ ఉపాధ్యాయుడు చూడవలసినది పోలికను కాదు. రేఖ ఎక్కడ నెమ్మదించింది, ఎక్కడ తొందరపడింది అన్నదాన్ని.

6. ముగింపు:
పారిభాషిక పదం బోధనను శాసిస్తుంది. కాంటూరును ‘బాహ్యరేఖ’ అంటే విద్యార్థి హద్దును వెతుకుతాడు. ‘రూపరేఖ’ అనే మాటను పథకాల ముసాయిదా ఆక్రమించింది. ‘స్పర్శరేఖ’ను గణితం తీసుకొన్నది. కనుక ‘కాంటూరు రేఖ’ అన్న పదాన్నే నిలుపుకొని, దానిని వాడుక తెలుగుతో వివరించడం మేలు. చూపు మందగించిన పెద్దలు ‘చూపు ఆనడం లేదు’ అంటారు. ఆనడమంటే తాకడం, ఒరిగి నిలవడం. చూపు కూడా ఒక స్పర్శేనన్న ఎరుక ఈ పలుకుబడిలో ఉంది. నికొలాయిడిస్ ఎంతో ఓపికగా వివరించవలసి వచ్చిన భావన తెలుగు విద్యార్థికి ఇంట్లోనే వినబడుతున్నది. చెంబు అడుగున ఉన్న వంపు మీద అతని చూపు ఆనినప్పుడు, సరళరేఖ దానంతట అదే వంగుతుంది.