తుప్పును కాపలా పెట్టిన పనితనం

లండన్, బర్మింగ్‌హామ్ తుపాకీ పనివాళ్లు ముల్లును ముల్లుతోనే తీశారు. ఉక్కుకు తుప్పు పట్టకుండా ముందు తామే తుప్పు పట్టించారు. మేలైన ఇంగ్లిష్ జంటగొట్టాల వేట తుపాకీ మీద కనిపించే లోతైన నీలినలుపు పైన వేసిన రంగు కాదు, ఉక్కు పైపొరే అలా మారింది. ఈ పనిని రస్ట్ బ్లూయింగ్ అంటారు.

గొట్టాన్ని నునుపు చేసి, జిడ్డు ఆనవాలు లేకుండా కడుగుతారు. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోరు, వేలిముద్ర పడ్డచోట మందు సరిగా పట్టదు. ఆ మందును, అంటే తుప్పు పట్టించే ఆమ్ల ద్రావణాన్ని, గుడ్డతో పలచగా రాసి, తేమ ఉన్న పెట్టెలో వదిలేస్తారు. కొన్ని గంటలకు సన్నటి ఎర్ర తుప్పు అలుముకుంటుంది. శుభ్రమైన నీళ్లలో మరిగిస్తే అది నల్లటి మాగ్నెటైట్‌గా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని మెత్తటి తీగల బ్రష్‌తో రాల్చేస్తే గట్టిగా అంటుకున్నదే మిగులుతుంది. మళ్లీ మందు, మళ్లీ తేమ, మళ్లీ మరుగు. కోరిన రంగు తేలేదాకా రోజుల తరబడి ఇదే పని.

మరిగించడం మానేస్తే గోధుమ వన్నె వస్తుంది. పాతకాలం తుపాకుల ‘బ్రౌనింగ్’ అదే. ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి అతికిన డామస్కస్ గొట్టాల మీద చారల నగిషీ తేలేది కూడా దీనివల్లే. (పేరు చూసి, డామస్కస్ కత్తులకు వాడిన మన తెలంగాణ కోనసముద్రం ఉక్కు అనుకునేరు. అది మూసలో కరిగించి చేసింది, ఈ అతుకుల పనితో దానికి సంబంధం లేదు.)

కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల తొట్టిని 140 డిగ్రీల దాకా కాచి, అరగంటలో నల్లబరిచే పద్ధతి ఎప్పుడో వచ్చింది. అయినా పాత పద్ధతి పోలేదు, దానికి కారణం పాతదాని మీద మోజు కాదు. జంటగొట్టాలను సీసం, తగరం కలిపిన మాటుతో అతుకుతారు. కాస్టిక్ ఆ మాటును తినేస్తుంది, సందుల్లో చిక్కిన లవణం లోపల్లోపలే తుప్పు రేపుతుంది.

ఇంతా చేసి, బ్లూయింగ్‌కు తుప్పును ఆపే శక్తి తక్కువే. అందం ఎక్కువ, నూనె తప్పనిసరి. సైన్యాలకు ఈ సుకుమారం పనికిరాలేదు. 1906లో ఇంగ్లండులో కోస్లెట్ పేటెంటు పొందిన ఫాస్ఫేట్ పద్ధతి అమెరికా చేరి ‘పార్కరైజింగ్’ అయింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం1 గరాండ్ రైఫిళ్ల బూడిదరంగు అదే. చూడ్డానికి గరుకు, మెరుపు లేదు. కానీ దాని సూక్ష్మరంధ్రాలు నూనెను పీల్చి పట్టుకుంటాయి. నా లెక్కలో సైనికుడి తుపాకీకి ఇంతకంటే తెలివైన పూత అరుదు.

రాపిడి ఎక్కువుండే భాగాల సంగతి వేరు. ముందుకూ వెనక్కూ జారే స్లయిడ్‌కు, బోల్ట్‌కు నునుపు కావాలి. నికెల్‌లో టెఫ్లాన్ రేణువులు కలిపిన పూత అక్కడ తక్కువ నూనెతోనే జారుతుంది, మసి కూడా తేలిగ్గా తుడుచుకుపోతుంది. గట్టిదనమే ముఖ్యమైతే హార్డ్ క్రోమ్ లేదా నైట్రైడింగ్. నైట్రైడింగ్‌లో నత్రజని ఉక్కులోకే ఇంకుతుంది గనుక పెచ్చులూడే పొర ఉండదు, కొలతలూ పెద్దగా మారవు. అయితే దీనికి వాడే ఉప్పు తొట్టి వేడి 500 డిగ్రీలు దాటుతుంది, మాటు వేసిన గొట్టాలను అందులో ముంచే ప్రశ్నే లేదు.

క్రోమ్‌తోనూ ఒక చిక్కుంది. పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చొరబడి గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది. స్ప్రింగులకు క్రోమ్ వేయిస్తానంటే నేను వద్దనే అంటాను. ట్రిగ్గర్ లోపలి కొక్కేల మీద కూడా మందపాటి పూత మంచిది కాదు, పదునుగా ఉండాల్సిన అంచు మొద్దుబారుతుంది. పాత పనివాళ్లు ఆ ముక్కలకు నీలం పట్టించలేదు. గట్టిపరిచి, అద్దంలా మెరుగుపెట్టి, చుక్క నూనెతో వదిలేశారు.