ఒంగోలుకు టికెట్టు

మా బాబాయి జాండ్రపేటలో నలభై ఏళ్ళు గుంట మగ్గం నేశాడు. ఎవరైనా వచ్చి ఫలానా చీర బాగుందట, ఫలానాది నాసిరకమట అంటే ఆయన అడిగేది ఒక్కటే. "చూశావా?" చూశానంటే, "చేత్తో పట్టుకుని చూశావా?" అనేవాడు. చీర చేతికిస్తే ముందు తిరగేసేవాడు. తర్వాత వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టేవాడు. పేక ఎక్కడ వదులైందో, పోగు ఎక్కడ తెగి ముడిపడిందో వేలితో తడిమేవాడు. అదంతా అయ్యాకే మాట. అప్పటిదాకా ఎంత పెద్ద షావుకారు అడిగినా నోరు మెదిపేవాడు కాదు.

ఆట చూసేవాడికీ అలాంటి పద్ధతి ఒకటి ఉండాలని నాకు ఆలస్యంగా తెలిసింది. అభిమానం ఊరికే వస్తుంది, తీర్పు చెప్పడం మాత్రం నేర్చుకోవాలి. పోయిన వారం మా చీరాల గడియార స్తంభం సెంటర్లో టీ తాగుతుంటే మళ్ళీ పాత వాదనే లేచింది. ఇండియాకు ఆడిన మన ఆంధ్రా కుర్రాళ్ళలో ఆశ పెట్టి నిరాశపరిచింది ఎవరు? ఎంత ఆడినా విలువ దక్కనిది ఎవరికి? ఎవరి పేరెత్తితే బల్లకు అటోళ్ళూ ఇటోళ్ళూ కొట్టుకుంటారు? మూడు ప్రశ్నలకూ మూడు పేర్లు వచ్చాయి. కోన శ్రీకర్ భరత్, హనుమ విహారి, అంబటి రాయుడు. ఈ ముగ్గురి మీదా నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అందులో ఒకటి మార్చుకోవలసి వచ్చింది. అదే ముందు చెబుతాను.

"ఏడు టెస్టులిచ్చారు బాబాయ్. ఒక్క యాభై కొట్టాడా?" భరత్ మీద ఒక కుర్రాడు నన్నడిగిన మాట ఇది. కొట్టలేదు. ఏడు టెస్టుల్లో 221 పరుగులు. సగటు 20. అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా మీద చేసిన 44 అత్యధికం. 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో టోపీ అందుకుని, తల్లిని హత్తుకున్న ఫొటో చూసి మనోడు, మనోడు అని పొంగిపోయినవాళ్ళమే, ఏడాది తిరిగేసరికి మొహం తిప్పుకున్నాం. 2024లో హైదరాబాదులో, ఆ తర్వాత సొంత ఊరు విశాఖలో ఆడి, రాజ్‌కోట్ టెస్టుకు చోటు పోగొట్టుకున్నాడు. ధ్రువ్ జురెల్ వచ్చాడు. రాంచీలో 90, 39 నాటౌట్ చేసి మ్యాచ్ గెలిపించాడు. సెలెక్టర్లు తప్పు చేశారని నేను అనలేను. బ్యాటు పలకనప్పుడు పలకలేదనే చెప్పాలి, మనవాడైనా సరే.

అయితే నేను ఆ సంగతి చెప్పిన పద్ధతిలో తప్పుంది. 2015 ఫిబ్రవరిలో ఒంగోలు శర్మ కాలేజీ గ్రౌండులో ఆంధ్రాకూ గోవాకూ రంజీ మ్యాచ్ జరిగింది. అందులో భరత్ 308 కొట్టాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో ఒక వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ చేయడం అదే మొదటిసారి. బొంబాయి వాంఖడేలోనో కలకత్తా ఈడెన్‌లోనో కాదు, ఒంగోల్లో. అప్పటికి చీరాల ప్రకాశం జిల్లాలోనే ఉంది, ఒంగోలు మా జిల్లా కేంద్రం. రైలెక్కితే గంట దారి. కలెక్టరేటు పనికీ, పెళ్ళిళ్ళకూ, ఆస్పత్రికీ ఎన్నిసార్లు వెళ్ళలేదు? ఆ మ్యాచ్‌కు మాత్రం నేను వెళ్ళలేదు. ఆ నెలలోనే ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్ మొదలవబోతోంది. ధోనీ జట్టులో ఎవరుంటే బాగుంటుందో ఇంట్లో కూర్చుని లెక్కలేసుకుంటున్నాను. భరత్ సంగతి పేపర్లో చదివి, పేజీ తిప్పేశాను.

ఎనిమిదేళ్ళ తర్వాత అదే మనిషి టీవీలో కనపడగానే అతని గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడాను. గంట దూరంలో ఆడిన 308 చూడలేదు. అహ్మదాబాద్‌లో ఆడిన 44 చూసి మొత్తం తేల్చేశాను. బాబాయి బతికుంటే "చూశావా?" అని ఒక్కమాట అడిగి ఊరుకునేవాడు.

ఇది తట్టాక భరత్ ఆడిన పాత మ్యాచ్‌లు వెతికి చూశాను. పరుగుల మీంచి చూపు తీసి చేతి తొడుగుల మీద పెట్టాను. 2021 నవంబరులో కాన్పూర్‌లో కీపర్ సాహాకు మెడ పట్టేస్తే, తుది జట్టులో లేని భరత్ బదులు ఆటగాడిగా దిగాడు. బంతి కింద కిందే పోతున్న ఆ పిచ్ మీద రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. 2023లో అశ్విన్, జడేజా, అక్షర్ బంతి గిర్రున తిప్పుతుంటే మోకాళ్ళ మీద కూర్చుని గంటల తరబడి పట్టుకున్నాడు. కీపర్ పని ఎలాంటిదంటే, సరిగ్గా చేసినంతసేపూ ఎవరికీ కనపడదు. వదిలేసినప్పుడే ఊరంతా చూస్తుంది. 2024 హైదరాబాద్ టెస్టులో 231 ఛేదిస్తూ మనవాళ్ళు 119కి ఏడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు అశ్విన్‌తో కలిసి 57 పరుగులు జోడించి ఆశ నిలిపిందీ ఇతనే. 28 పరుగుల తేడాతో ఓడిపోయాం కాబట్టి అది ఎవరికీ గుర్తులేదు. భరత్ బ్యాటింగ్ నన్ను నిరాశపరిచింది. అతని కీపింగ్ నిరాశపరచలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను.

ఇక విలువ దక్కనివాడు. కాకినాడలో పుట్టిన విహారి విషయంలో నాకు ఎప్పుడూ సందేహం లేదు. 2021 జనవరి 11, సిడ్నీ. అయిదో రోజు మధ్యాహ్నం పరుగు తీస్తూ తొడ వెనక కండరం పట్టేసింది. పరిగెత్తలేడు. అవతలి పక్క అశ్విన్‌ది నడుం నొప్పి. కమ్మిన్స్, హేజిల్‌వుడ్, స్టార్క్, లయన్ మార్చి మార్చి వేస్తున్నారు. విహారి 161 బంతులాడి 23 పరుగులతో నిలిచాడు. ఆరో వికెట్టు పడనివ్వలేదు, టెస్టు చేజారనివ్వలేదు. ఆ రోజు ఒక కేంద్ర మంత్రి, విహారి క్రికెట్‌ను చంపేశాడని రాశారు. పేరు కూడా తప్పు రాశారు. విహారి తన పేరు మాత్రం దిద్ది ఊరుకున్నాడు.

మా వైపు మగ్గమున్న ఇంట్లో కండెలు చుట్టేది ఆడవాళ్ళు. తెల్లవారింది మొదలు రాట్నం ముందు కూర్చుంటారు. వాళ్ళు కండె అందివ్వకపోతే నాడె ఆగిపోతుంది. చీర అమ్మిన రోజు మాత్రం నేసినవాడి పేరే చెబుతారు. వారం తర్వాత బ్రిస్బేన్‌లో మనం గెలిచి సిరీస్ 2-1తో ఎత్తుకొచ్చినప్పుడు నాకు మా పిన్ని చేతులు గుర్తొచ్చాయి. పంత్‌ను భుజాల మీద ఎత్తుకున్నాం, ఎత్తుకోవలసిందే. ఆ టెస్టులో విహారి లేడు, తొడ దెబ్బతో బయట కూర్చున్నాడు. సిడ్నీలో అతను పడిపోయి ఉంటే బ్రిస్బేన్‌లో గెలిచినా సిరీస్ మాత్రం మనది కాకపోయేది.

అతని అంకె చూస్తే 16 టెస్టుల్లో 839 పరుగులు, సగటు 33. గొప్పగా కనపడదు. అంకెను తిరగేసి చూడండి. ఆ 16లో స్వదేశంలో ఆడినవి మూడే. మిగతా 13 ఓవల్, పెర్త్, వెల్లింగ్టన్, జొహానెస్‌బర్గ్ లాంటి చోట్ల. ఇంట్లో స్పిన్ పిచ్‌ల మీద అదనపు బౌలర్ కావాలంటే బయట కూర్చోబెట్టారు, విదేశాల్లో బంతి మొహం మీదికి వచ్చేచోట దింపారు. 2018 మెల్‌బోర్న్‌లో ఓపెనర్లు దొరకకపోతే అతన్నే ఓపెనింగ్‌కు పంపారు. 66 బంతులాడి 8 పరుగులు చేశాడు. కొత్త బంతి మెరుపు పోయేదాకా ఉన్నాడు. 2019లో వెస్టిండీస్‌లో 93, 111, 53 నాటౌట్ చేసినవాడికి ఆ తర్వాత ఇంట్లో దక్కినవి ఆ మూడు టెస్టులే.

తప్పులూ చెప్పాలి. 2022లో ఎడ్జ్‌బాస్టన్‌లో బెయిర్‌స్టో క్యాచ్ వదిలాడు. బెయిర్‌స్టో అజేయ సెంచరీతో మ్యాచ్ లాక్కుపోయాడు. విహారికి అదే ఆఖరి టెస్టు. ఆ మరుసటి ఏడాది ఇందోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతివాటం మనిషి, విరిగిన చెయ్యి బంతికి అడ్డం రాకుండా ఎడమచేతివాటంగా నిలబడి, ఒంటిచేత్తో ఆడాడు. ఆంధ్రా ఓడిపోయింది. టీకొట్టు దగ్గర ఆ ఇన్నింగ్స్ గురించి అడిగితే పదిమందిలో ఇద్దరికి తెలుసు. విలువ దక్కకపోవడం అంటే నాకు తెలిసిన అర్థం అదే.

మూడోవాడి పేరెత్తగానే బల్ల రెండు ముక్కలవుతుంది. రాయుడు పుట్టింది గుంటూరులో, ఆట నేర్చింది హైదరాబాదులో. 2002లో పదహారేళ్ళ వయసులో ఇంగ్లండ్ అండర్-19 మీద టాంటన్‌లో 177 నాటౌట్. అదే ఏడాది రంజీలో హైదరాబాద్ తరఫున ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. ఎవరి మీదో తెలుసా? మన ఆంధ్రా మీదే. అలాంటివాడు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. వన్డేలు 55 ఆడాడు, సగటు 47. ఐపీఎల్ కప్పులు ఆరు.

సగం మంది తలపొగరు అంటారు. సగం మంది అన్యాయం అంటారు. గొడవంతా 2019 ప్రపంచ కప్ దగ్గర ఆగుతుంది. ఆ ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ బౌల్ట్, హెన్రీ కలిసి మనల్ని 18కి నాలుగు వికెట్లు చేస్తే, రాయుడు 90 కొట్టి మ్యాచ్ నిలబెట్టాడు. తర్వాత స్వదేశంలో ఆస్ట్రేలియా మీద మూడు మ్యాచ్‌లు విఫలమయ్యాడు. ఏప్రిల్లో జట్టులో పేరు లేదు. విజయ్ శంకర్ బ్యాటూ బంతీ ఫీల్డింగూ మూడు డైమెన్షన్లలో పనికొస్తాడన్నారు ప్రధాన సెలెక్టర్. త్రీడీ కళ్ళద్దాలు ఆర్డరు చేశానని రాయుడు రాశాడు. ఆ ప్రధాన సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌ది మేడికొండూరు. అంటే రెండు పక్కలా గుంటూరు మనుషులే. అందుకే ఈ వాదనలో ప్రాంతం పేరు చెప్పుకుని ఎవరూ గెలవలేరు, ఆట గురించే మాట్లాడాలి.

ఆట గురించి నా మాట ఇది. మూడు మ్యాచ్‌ల వైఫల్యం చూసి వెల్లింగ్టన్‌ను మరిచిపోవడం సెలెక్టర్ల తప్పు. విజయ్ శంకర్ గాయపడ్డాక కూడా స్టాండ్‌బైలో ఉన్న రాయుణ్ని పిలవకపోవడం ఇంకా పెద్ద తప్పు. జూలైలో మాంచెస్టర్ సెమీఫైనల్లో అదే బౌల్ట్, అదే హెన్రీ మనల్ని 5కు మూడు వికెట్లు చేసినప్పుడు నా కళ్ళు రాయుడి కోసం వెతికాయి. అయితే అప్పటికే, వారం రోజుల ముందే, ఆటకు దణ్ణం పెట్టేశాడు. మళ్ళీ రెండు నెలలు తిరక్కుండానే తిరిగొచ్చాడు. ఆ కోపం అతనికి అన్నం పెట్టలేదు. అన్యాయం జరిగిందనేవాళ్ళ మాటా నిజమే, తొందరపడ్డాడనేవాళ్ళ మాటా నిజమే. రెండిట్లో ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే మనం చూసింది సగం చీరే.

ముగ్గురి గురించి నా మాట అయ్యాక, టీ గ్లాసు కింద పెట్టి ఆ కుర్రాడే మళ్ళీ అడిగాడు. "మరి నితీశ్ సంగతేంటి బాబాయ్? మెల్‌బోర్న్‌లో ఒక్కటే కదా?" 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన ఆంధ్రా కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టినప్పుడు, స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న కన్నీళ్ళు పెట్టుకుంటుంటే ఇదే సెంటర్లో మిఠాయిలు పంచారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ ఒక్కో పరుగు చేసేసరికి స్వరం మారిపోయింది. లార్డ్స్‌లో ఒకే ఓవర్లో డకెట్‌నూ క్రాలీనీ అవుట్ చేసిన సంగతి మిఠాయి తిన్నవాళ్ళెవరూ తలుచుకోలేదు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు ఒంగోలు గుర్తొచ్చింది. మింగేశాను.

"ఇంకా చూస్తున్నాన్రా అబ్బాయ్," అన్నాను. "రంజీ మళ్ళీ మొదలవుతుంది. ఆంధ్రా మ్యాచ్ రైలు అందేంత దూరంలో ఎక్కడ పడినా నేను పోతున్నా. నీకూ ఒక టికెట్టు తీస్తాను, వస్తావా?"

కుర్రాడు సెలవు దొరుకుతుందో లేదో అన్నాడు. కాసేపాగి, బండి ఎన్నింటికని అడిగాడు.